గోడ మీద రబ్బరు రొయ్య

మా బావ పోయాడని అక్క ఫోను చేస్తే నేను నమ్మలేదు. ఆటోనగర్‌లో లేతు మిషను ఆపకుండానే, "అప్పా, ఈపాలి నన్ను బుట్టలో ఎయ్యడం కుదరదని సెప్పు ఆయనకి" అని పెట్టేశాను. మా వైపు అక్కని అప్ప అని పిలుస్తాం. ముప్పై ఏళ్లుగా ఆయన మాట నేనుగానీ, నా మాట ఆయనగానీ నమ్మింది లేదు. బావా బావమరుదులం. ఒకణ్ణొకడు ఏడిపించుకునే హక్కు మాకు పెళ్లిపందిట్లోనే రాసిచ్చారు. రెండోసారి ఫోనులో మాట్లాడింది అక్క కాదు, పక్కింటావిడ. అప్పుడు మిషను ఆపాను.

నేను పెందుర్తి చేరేసరికి ఆయన్ని కింద గదిలో చాప మీద పడుకోబెట్టారు. పొద్దున్నే టీ తాగి మేడ ఎక్కాడట. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయాడట. మోసుకొచ్చినవాళ్లు ఒక మాట చెప్పారు: "ఆయన కాలి బొటనేలికి సన్న దారం సుట్టుంది. అదేటో మాకు తెలవలేదు. తెంపీసేం."

నాకు తెలుసు. మేడ ఎక్కి చూశాను. పిట్టగోడ మీద కొత్త రబ్బరు రొయ్య ఒకటి ఎండకి మెరుస్తోంది. తెగిన దారం దాని నడుముకి ఇంకా వేలాడుతోంది. దారం విప్పి పారేసి, రొయ్యని జేబులో వేసుకుని కిందికి దిగాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

ఆ దారం సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

మా బావ వాళ్లది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆయన మాత్రం పోర్టులో క్రేను నడిపాడు. అంతెత్తున అద్దాల గదిలో కూర్చుని, పని లేనప్పుడల్లా కింద నీళ్లలోకి చూస్తూ ఉండేవాడట. ఓడ నీడ ఎక్కడ పడితే చేపలు అక్కడ చేరేవట, నీటి వాలుకి ఎదురుగా మూతి పెట్టి, కదలకుండా. "సేప నీడలోన ఉంటాది. దాని మేత ఎండలోన ఉంటాది. మన ఎర ఆ రెండిటి మజ్జిన పడాల" అనేవాడు. ఆ ఒక్క ముక్క నేర్చుకోవడానికి తనకి ఉద్యోగమంతా పట్టిందనేవాడు. రిటైరైన ఏడాది, తోటివాళ్లంతా మోకాళ్లకి నూనెలు రాసుకుంటుంటే, ఈయన ఇద్దరు పట్టే పసుపు రంగు కయాక్ కొన్నాడు. కాళ్లు చాచుకుని కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో తోసుకునే ప్లాస్టిక్ పడవ అది. మేడ మీద బోర్లించి పెడితే, నీళ్ల ట్యాంకుకి కామెర్లొచ్చాయేమిటని కాలనీలో అడిగారు. అలా అడిగింది నేనే అనుకోండి.

ఆదివారం తెల్లవారకుండా దాన్ని నా ట్రాలీ ఆటో మీద కట్టి, ఆనందపురం మీదుగా భీమిలి వెళ్లేవాళ్లం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, వంతెన కాళ్ల దగ్గర, పండుగప్ప కోసం. ఎరగనివాళ్లకి చెబుతున్నాను. పండుగప్ప ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట తిరుగుతుంది. వెండిలా ఉంటుంది. నోరు సంచిలా ఉంటుంది. అది కొరకదు. నోరు తెరిచి, చుట్టూ ఉన్న నీళ్లతో సహా ఎరని లోపలికి లాగేస్తుంది. రబ్బరని తెలియగానే ఉమ్మేస్తుంది. లాగడానికీ ఉమ్మడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధే మనది.

మొదటి రోజు నేను ఆటోనగర్‌లో సొంతంగా అతికించిన పొడవాటి గాలపు రాడ్డు పట్టుకెళ్లాను. ఆయన దాన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఇది సేపలకేట్రా, మామిడికాయలకేట్రా?"

"పొడుగుంటే దూరం పడతాది కదా బావా."

"కూకున్నోడికి పిడి పొడుగుంటే కడుపులోన పొడుసుకుంటాది. పిడి పొట్టిగుండాల. సేప పడవ కిందనుంచి అటేపు దూరితే రాడ్డు కొన పడవ మూతి సుట్టూ తిరగాల. అంతే పొడుగు. నీ తెలివంత అక్కర్నేదు."

ఆ రోజే నన్ను నది మధ్యకి తీసుకెళ్లి, ఇక్కడ మూడు తాటిచెట్ల లోతు, కదలకు అన్నాడు. నాకు ఈత రాదు. రెండు గంటలు పడవ అంచులు పట్టుకుని, నాకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాను. ఎండెక్కాక ఆయన నింపాదిగా లుంగీ ఎగ్గట్టి పడవ దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. అంతకు ముందు వారం మేడ మీదున్న ఆయన తెడ్డుకి ఆముదం రాసింది నేనే. దానికి అదీ జవాబు.

ఇక ఆ దారం. కొత్త ఎర ఏది కొన్నా ఆయన ముందు దాని గాలం తీసేసి, నడుముకి సన్న దారం కట్టి, మేడ మీద పిట్టగోడ మీద పెట్టేవాడు. దారం రెండో కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, టీ తాగుతూ కళ్లు మూసుకునేవాడు. కాకి వచ్చి ఎరని ఎత్తుకుపోబోతే వేలు లాగేది. అలా లాగితే ఆ ఎర ఆయన పెట్టెలోకి వెళ్లేది. కాకి చూసి వెళ్లిపోతే నా పెట్టెలోకి వచ్చేది. "కాకిని మించిన తెలివి సేపకి నేదురా. కాకి మోసపోతే సేపెంత?" అనేవాడు. ఎన్నో ఏళ్లు నా పెట్టె నిండా కాకి కాదన్న సరుకే. అందులో రబ్బరు కప్పలుండేవి, నిజం కప్పకి కూడా నవ్వొచ్చేవి.

అందువల్లో, నా తొందరవల్లో, ఆయన పక్కనుండగా నేను ఒక్క పండుగప్పా పట్టలేదు. చేప ఎరని తాకగానే నేను రాడ్డు ఎత్తేసేవాణ్ణి. ఎర ఒక్కటే గాల్లో ఎగిరొచ్చి నా మొహానికి తగిలేది. ఆయనకి కోపం రాదు. క్రేను మాటే చెప్పేవాడు: "బరువు జానెడు లేపి ఆగాల. కట్టు సరిగ్గుందా, ఒరిగిపోతందా సూసుకోవాల. అప్పుడెత్తాల. సేపకీ అంతే. తగిలింది కదా అని గుంజీకు, ఒక్క ఊపిరాగు." ఆ ఒక్క ఊపిరీ నా వల్ల కాలేదు. మాటైనా చెయ్యైనా నాకు ముందే ఎగురుతుంది.

ఆరేళ్ల కిందట ఒక ఆదివారం ఆయనకి జ్వరం వచ్చింది. నేను ఒక్కణ్ణే వెళ్లాను. పొద్దెక్కేదాకా ఏమీ పడలేదు. భీమిలి నుంచి పెందుర్తికి ఫిషింగ్ హార్బర్ మీదుగా దారి లేదు. నేను వేసుకున్నాను. మూరన్నర పండుగప్పని కొని, తడి గోనెలో చుట్టి, మధ్యాహ్నానికి వీధిలో అందరూ చూసేలా ఆటో దిగాను. కాలనీ అంతా మూగింది. బావ దుప్పటి కప్పుకునే బయటికి వచ్చాడు. చేప మొప్ప ఎత్తి లోపల వేలు పెట్టాడు. చుట్టూ జనం ఉండగా నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు:

"గోస్తనీలోన అంత సలిగుందేట్రా? దీని గొంతుకలోన ఐసు ఇంకా కరగనేదు."

ఆయన తల ఎత్తి, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు: "మా బావమరిది పట్టీసేడ్రా! నా వల్లే అవనేదు, ఈడు పట్టీసేడు!"

పరువు నిలబెట్టాడనుకున్నాను. అది శిక్షని తర్వాత అర్థమైంది. ఆ రోజు నుంచి పెళ్లి కానివ్వండి, పేరంటం కానివ్వండి, నలుగురు చేరితే చాలు. "సెప్పరా బావమరిదీ, ఆ సేపని ఎలగ పట్టేవు?" అని మొదలెట్టేవాడు. నేను చెప్పాలి. ఆయన మధ్యలో అమాయకంగా ప్రశ్నలు వేసేవాడు. "పోటుకి పడిందా, పాటుకి పడిందా?" పాటుకే పడాలట, నీరు సముద్రంలోకి దిగేటప్పుడు రొయ్యలు వంతెన కాళ్ల పక్కనుంచి కొట్టుకొస్తాయి కనక. "లంగరు ఎక్కడ కట్టేవు?" పడవ తోక దగ్గర కట్టాలి, పక్కన కడితే వాలుకి పడవ తిరగబడుతుంది. "ఎరకి ముందు ముడేసిన దారం లావుదేనా?" లావుదే ఉండాలి, పండుగప్ప మొప్ప అంచు బ్లేడు, సన్న దారాన్ని సర్రున కోసేస్తుంది. "రీలు బ్రేకు గట్టిగా బిగించేవా?" అని కూడా అడిగేవాడు. బిగించానని ఒకసారి తప్పు చెప్పాను. అందరి ముందూ నవ్వాడు. "గట్టిగా బిగిత్తే సేప పడవనే తిప్పీదే కదరా. పడవే సగం బ్రేకు. మరిసిపోయినట్టున్నావు, పాపం."

దొరికిపోకుండా అబద్ధం ఆడాలంటే నిజం నేర్చుకోవాలి. వారమంతా పనిలో దాని గురించే ఆలోచించేవాణ్ణి. పదో తరగతికి కూడా అంత చదవలేదు. అందుకే గదా అది నన్ను వదిలేసింది. ఆరేళ్లలో ఆయన నాకు ఒక్క పాఠమూ చెప్పలేదు. చేసిన తప్పుకి వివరాలు అడుగుతూ వచ్చాడు, అంతే. ఒక్కరికి కూడా, మా అక్కకి కూడా, ఐసు సంగతి చెప్పలేదు.

తొమ్మిదో రోజున అక్క నన్ను పిలిచింది. కళ్లు వాచి ఉన్నాయిగానీ గొంతు నిబ్బరంగానే ఉంది.

"ఒరే తమ్ముడూ, పెద్దకార్యం నాడు మీ బావ ఆకులోన పండుగప్ప పడాల. కొన్నది వద్దు. నువ్వు పట్టాల. ఆయన తరవాత పట్టగలిగినోడివి నువ్వే కదా."

సరేనన్నాను. మా దగ్గర పెద్దకార్యం నాడు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి మేడ మీద ఉంచుతాం. కాకి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో వెలితి ఉన్నట్టు. అక్కకి ఆ తృప్తి కావాలి. దాని బరువంతా నా అబద్ధం మీద పడింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే పడవ దించాను. ఆయన రాడ్డు, ఆయన రీలు, జేబులోని రబ్బరు రొయ్యకి ఒక గాలం. ఆరేళ్లుగా చెప్పిన కథనే ఈసారి చేతులతో చేశాను. లంగరు తోక దగ్గర. పాటు మొదలయ్యేదాకా ఊరుకున్నాను. వంతెన నీడ అంచుకి అవతల విసిరి, మునగనిచ్చి, మెల్లగా ఎండలోంచి నీడలోకి లాగాను. బ్రేకు వదులు. నాలుగోసారి దారం తట్టినట్టయింది. చెయ్యి ఎగరబోయింది. "జానెడు లేపి ఆగాల." ఆగాను. ఒక్క ఊపిరి. అప్పుడెత్తాను.

పడవ మూతి దానంతటదే తిరిగింది. పడవ ఒరగకుండా రెండు కాళ్లూ నీళ్లలో వేలాడేసి నిలదొక్కుకున్నాను. నవ్వుతున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. చేతి వలలోకి వచ్చింది. పండుగప్పే. మోచెయ్యి ఆనించి కొలిచాను. రెండు వేళ్లు తక్కువ. మోచెయ్యి వెనక్కి లాక్కుని మళ్లీ కొలిచాను. అయినా తక్కువే. మూరెడు లేని చేపని ఆయన ఎన్నడూ ఇంటికి తేలేదు. "అది ఇంకా బడికెల్లే సేప, ఒగ్గీ" అనేవాడు. నీళ్లలోకి ఒగ్గేశాను. అబద్ధానికి వీధంతా సాక్షులు. నిజానికి ఒక్కడూ లేడు.

ఆ మర్నాడే పెద్దకార్యం. ఆ పొద్దున్నా వెళ్లాను, ఏమీ పడలేదు. ఉత్త చేతులతో వస్తే అక్క నావైపు ఒకసారి చూసి, కోడికూరే ఆకులో పెట్టింది. గారెలు, పులుసు, ఆయన టీ గ్లాసు. మేడ మీద అందరం ఆకుకి దూరంగా నిలబడ్డాం. నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి కూర్చుంది. చూస్తోంది. దిగదు. ఒక్కొక్కరూ మొక్కడం మొదలెట్టారు. ఇల్లు చూసుకుంటామన్నారు, మనవరాలిని చదివిస్తామన్నారు. కాకి మెడ తిప్పుకుంది. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేదైనా సెప్పరా" అన్నారు ఎవరో.

చెప్పేశాను. "బావా, ఆ సేప నాను పట్టనేదు. హార్బర్‌లోన కొన్నాను. నీకు ఆ రోజే తెలుసు. నిన్న ఒకటి పట్టేను, నిజిం. మూరెడు నేదు, ఒగ్గీసేను."

అక్క కొంగు తీసింది.

"కొన్నావా? ఆ సేప తలకాయ మా అత్తకి ఎట్టేన్రా! మా తమ్ముడు పట్టిందని ఆవిడ సేత మూడుసార్లు నిన్ను పొగిడించేను!" అని, "ఆయనకి తెలుసా?" అంది.

"మొప్ప ఎత్తగానే తెలిసింది అప్పా."

"ఆరేళ్లు నాకాడ దాసేడా నీ కోసం!" అని నవ్వడం మొదలెట్టింది. పదకొండు రోజుల తర్వాత మొదటి నవ్వు. దాన్ని చూసి వీధంతా నవ్వింది. అంత గోలకీ కాకి కదలలేదు.

అప్పుడు జేబులో చెయ్యి పెట్టాను. గాలం విప్పి, రబ్బరు రొయ్యని పిట్టగోడ మీద, ఆయన ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాను. వెనక్కి నడిచి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. కాకి ట్యాంకు దిగింది. కోడికూర వైపు చూడలేదు. గోడ మీద రెండు గెంతులు వేసి, తల వాల్చి రొయ్యని ఒకసారి పరిశీలనగా చూసి, ముక్కున కరుచుకుని పైకి లేచింది. కొబ్బరిచెట్ల మీదుగా, డాబాల మీదుగా, రొయ్య మీసాలు ఎండలో ఊగుతుంటే వెళ్లిపోయింది.

దానికి దారం కట్టలేదని తెలిసి కూడా, నా కాలి బొటనవేలు ఒక్కసారి ముడుచుకుంది.