తొండ గుడ్ల మీద సరుగుడాకు

రాజస్థాన్ దాకా వెళ్లలేని మాకు నెల్లూరు దగ్గర మైపాడు బీచ్ అవతలి ఇసుక దిబ్బలే ఎడారి. గొంతు కింద రంగుల సంచి ఉండే తొండను ఫొటో తీద్దామని, హైదరాబాద్ నుంచి వచ్చిన ఎనిమిదిమందిమి పొద్దుటి నుంచీ తిరుగుతున్నాం. ఒక్కటీ కనబడలేదు.

దిబ్బల మీది సరుగుడు చెట్ల కింద, పొయ్యిలోకి రాలిన ఆకు ఊడ్చుకుంటున్న ఆ ఊరి మేరమ్మ ఉన్నట్టుండి అరిచింది.

"ఆడ తొక్కబాకండి సార్! నిన్న తొండ గుడ్లు పెట్టిందాడ."

చుట్టూ అంతా ఊడ్చి, చాపంత జాగాలో మాత్రం ఆకు వదిలేసింది. ఆమె గంప ఇంకా సగమే నిండింది.

"ఇదీ ఊడిస్తే గుడ్లు ఎండకు మాడిపోవా?"

మా లీడర్ సుధాకర్ ఫొటో కోసం ఆ ఆకు పక్కకు తీయబోయాడు.

"బాలింత ఇంట్లోకి చెప్పులతో జొరబడతారా సార్?"

సుధాకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ జాగా చుట్టూ తిరిగి వెళ్తుంటే కాళ్ల కింద ఇసుక కాలిపోతోంది. అయినా, ఎవరూ చెప్పకుండానే, అందరి చెప్పులూ చేతుల్లో ఉన్నాయి.