లైనమ్మకు కనబడని లైను

ఆమెకు ఆ పేరు ఆసుపత్రిలో పెట్టారు. టెలిఫోన్ బోర్డు ముందు ముప్ఫై ఒక్క సంవత్సరాలు కూర్చుని, ఏ డాక్టరు ఏ వార్డు అడిగినా కళ్ళు మూసుకుని కలిపిన మనిషి కాబట్టి లైనమ్మ అయింది. లైనులో గరగర వినిపిస్తే చాలు, తీగ తెగిందో, నీళ్ళు దిగాయో, అవతలివాళ్ళు రిసీవరు సరిగా పెట్టలేదో ఇట్టే చెప్పేసేది. మరమ్మతు పనివాళ్ళు నిచ్చెన భుజాన వేసుకునే ముందు ఆమెను ఒక మాట అడిగి వెళ్ళేవాళ్ళు.

ఒక రోజు ఆసుపత్రివాళ్ళు బోర్డు పీకేసి, "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతును తెచ్చిపెట్టారు. ఉద్యోగంతోపాటు క్వార్టర్సులో గదీ పోయింది. లైనమ్మ పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఎనిమిదేళ్ళు, తనకు పంతొమ్మిది. వాణ్ణి పెంచి ఒక ఇంటివాణ్ణి చేసేసరికి, తన సంగతేమిటని అడిగే వయసు దాటిపోయింది. ఆ తమ్ముడే వచ్చి పెట్టె చేతిలోంచి లాక్కున్నాడు.

"మేడ మీద గది ఖాళీగా పడుందక్కా. నేనుండగా నీకు అద్దె గదేమిటి?"

ఆ మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి.

ఊరికే కూర్చుని తినే రకం కాదు. డాక్టర్లు రోగి సంగతులు ఫోనులో చెప్పి రికార్డు చేస్తారు. అది విని తప్పుల్లేకుండా టైపు చేసి పంపే పని సంపాదించుకుంది. ఆ గొంతులన్నీ ఆమెకు పాత చుట్టాలు. పిల్లల డాక్టరు వాక్యం చివరి మాట మింగేస్తాడు, ఎముకల డాక్టరు కుడి అనబోయి ఎడమ అంటాడు. లైనమ్మ రెండూ పట్టేసేది. షరతు ఒక్కటే. ఫైళ్ళన్నీ సాయంత్రం నాలుగు గంటలలోపు చేరాలి.

హాల్లో టీవీ పక్కన ఉన్న వైఫై డబ్బా రెండు పేర్లతో పలికేది. "ఇల్లు" అనేది నిదానం, కానీ నాలుగు గోడలు దాటినా అందుతుంది. "ఇల్లు ఐదు" అనేది వేగం, గోడలంటే దానికి గిట్టదు. లైనమ్మ గది సరిగ్గా హాలు నెత్తిమీదే ఉంది కాబట్టి మొదటి రెండు నెలలూ ఆ వేగమే అందింది. తర్వాత ఒక పొద్దున లాప్‌టాప్ తెరిచేసరికి రెండో పేరు లేదు. "ఇల్లు" ఒక్కటే ఉంది. నిమిషంలో వెళ్ళే ఫైలు అరగంట నడిచి, దారి మధ్యలో చతికిలబడింది.

"స్లాబు అడ్డమక్కా," అన్నాడు తమ్ముడు.

నిన్నటిదాకా లేని స్లాబు ఇవాళ మొలిచిందా అనుకుంది. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కిందికి దిగి డబ్బా పక్కనే కూర్చుంది. కనబడలేదు.

"అప్‌డేట్లు చేసి ఎన్నాళ్ళయింది?" అన్నాడు తమ్ముడు.

చేసింది. కనబడలేదు.

తమ్ముడు డబ్బా ప్లగ్గు తీసి, వేళ్ళు మడుస్తూ పైకి వినబడేలా పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాడు. డబ్బా మీద దీపాలన్నీ బుద్ధిగా వెలిగాయి. "దీనికీ మా ఆఫీసు మేనేజరుకున్నట్టే మూడ్ ఉంటుందక్కా" అని నవ్వాడు. లైనమ్మ కూడా నవ్వింది. పేరు మాత్రం రాలేదు.

"నీ లాప్‌టాప్ ముసలిదైపోయింది. అదీ సంగతి."

ఆదివారం ఇద్దరూ షాపుకు వెళ్ళారు. తమ్ముడే మూడు నాలుగు తెరిపించి, మూతలు ఎత్తి దించి, షాపువాడిని సవాలక్ష ప్రశ్నలు అడిగి ఒకటి ఎంచాడు. సంచి కూడా తనే మోశాడు. కొత్తదీ అంతే. పక్కిళ్ళవాళ్ళ పేర్లు డజను చూపించింది గానీ, సొంత ఇంటి రెండో పేరు చూపించలేదు.

అవతల పని ఆగదు కదా. నాలుగుకు వెళ్ళాల్సినవి ఆరుకు వెళ్ళేవి, కొన్ని అసలు వెళ్ళేవే కావు. పని ఇచ్చే సూపర్‌వైజరు మొదట మర్యాదగా, తర్వాత ముభావంగా, ఆ తర్వాత మెసేజుల్లో మాత్రమే మాట్లాడసాగాడు. లైనమ్మ తెల్లారి లేచి టైపు చేసి మధ్యాహ్నానికి ముగించేది. ఆ పైన తెర మీద బొట్లు బొట్లుగా కదిలే అప్‌లోడు గీతను చూస్తూ కూర్చునేది. మరదలు మేడమీదికి టీ పంపేది, తను మాత్రం వచ్చేది కాదు.

పేరు మాయమైన మూడో వారంలో పక్కింటి నర్సు బీపీ చూడటానికి వచ్చింది. చేతిలో కొత్త ఫోను. లైనమ్మకు ఏదో తట్టి, "ఇందులో మా ఇంటి పేర్లు ఎన్ని కనబడుతున్నాయో చూడమ్మా" అంది.

"ఒక్కటే పెద్దమ్మా. 'ఇల్లు' అంతే."

నర్సు వెళ్ళిపోయింది. కింద హాల్లో మేనకోడలి వీడియో పాఠం ఎక్కడా ఆగకుండా గలగలా నడుస్తోంది. లైనమ్మ మెట్ల మీద నిలబడి ఆ గొంతు వింటూ ఉండిపోయింది. ఒక ఫోను మోగకపోతే ఫోను చెడినట్టు. ఏ ఫోనూ మోగకపోతే లైను చెడినట్టు. కొన్ని మోగుతూ, కొన్నింటికి మాత్రమే లైను లేకపోతే అది చెడటం కాదు, ఎవరో చేత్తో చేసిన పని. ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఈసారైనా తప్పితే బాగుండుననిపించింది.

పాఠం అయ్యేదాకా ఆగి కిందికి దిగింది.

"నీది ఏ పేరు మీద నడుస్తోందే?"

"ఐదు మీదే అత్తా," అని పిల్ల నాలుక కరుచుకుంది.

"మరి నాకు కనబడదేం?"

పిల్ల హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టింది, విప్పింది. "నాన్న పేరు దాచేశారు అత్తా. తెలిసినవాళ్ళం టైపు చేసుకుంటే వస్తుంది. నీ ఫైళ్ళు పోతుంటే నా క్లాసు ఆగిపోతోందని నేనే గొడవ చేశాను. నీకు చెప్పొద్దన్నారు."

లైనమ్మ పిల్ల తల నిమిరి పైకి వెళ్ళింది. లాప్‌టాప్‌లో పేరు ఒక్కొక్క అక్షరమే కొట్టి, పాత పాస్‌వర్డ్ ఇచ్చింది. మార్చను కూడా మార్చలేదు. రెండు రోజులుగా ఇరుక్కున్న ఫైళ్ళు గుక్క తిప్పుకునేలోగా వెళ్ళిపోయాయి. వెంటనే సూపర్‌వైజరుకు ఫోను చేసింది.

"లైను బాగైందండీ. ఇక ఆలస్యం ఉండదు."

"అయ్యో మేడమ్, మీ డాక్టర్లను నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశాం. ఉత్తరం మీకు రేపు వస్తుంది."

సాయంత్రం తమ్ముడు గుమ్మంలో బూట్లు విప్పుతుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"లైను దొరికిందిరా."

"బాగైందా? చెప్పలా, దానంతటదే వస్తుందని!"

"దానంతటది రాలేదు. పేరు టైపు చేస్తే వచ్చింది."

ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి మేజోడుతో వంటింటి వైపు చూశాడు. వంటింట్లోంచి మరదలే అందుకుంది.

"పిల్ల చదువు పాడవుతోంది వదినా. మొహం మీద చెబితే మీరు నొచ్చుకుంటారని ఈయనే..."

"ఆ ఒక్క ముక్క నాతో అంటే, దాని క్లాసులయ్యాకే పంపుకునేదాన్ని కదమ్మా," అంది లైనమ్మ. మళ్ళీ తమ్ముడి వైపు తిరిగింది. "షాపుకు కూడా వచ్చావు. నాలుగు తెరిపించి, ఇది మంచిదన్నావు. డబ్బా ఆపి పది లెక్కపెట్టావు. ఎవరి కోసంరా లెక్కపెట్టావు?"

"నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక అక్కా."

ఇంకేం చేయాలో తోచక జేబులోంచి ఫోను తీసి ఏదో నొక్కాడు. "ఇదిగో, తీసేశాను. ఇప్పుడు చూడు, అందరికీ కనబడుతుంది."

ఆమె చూడలేదు. చేసే పనే లేనప్పుడు వేగం ఏం చేసుకుంటుంది?

అలిగి ఆ పూటే పెట్టె సర్దుకునే వయసూ, వసతీ రెండూ లేవు. మరో నాలుగు నెలలు ఆ మేడ మీదే ఉంది. మరదలు టీ తనే తెచ్చి ఇవ్వసాగింది. తమ్ముడు మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, వాతావరణం గురించి మాట్లాడి దిగిపోయేవాడు. ఆ తర్వాత ఒక పార్సిల్ ఆఫీసులో ఫోన్లు చూసే పని దొరికింది. అక్కడే పనిచేసే మరొకావిడతో కలిసి గది తీసుకుంది. తమ్ముడు వద్దన్నాడు, గట్టిగా మాత్రం అనలేదు.

చుట్టాలకు ఏదో ఒకటి చెప్పాలి కదా. "అక్కకు పంతమెక్కువ. వైఫై సరిగా రాలేదని ఇల్లే మార్చేసింది" అని వాడు నవ్వుతూ చెప్పుకున్నాడట. అది నోళ్ళు మారి, ముస్తాబై, ఒక బంధువు ఇంట్లో నలుగురి మధ్య ఆమె చెవినే పడింది.

"ఏమే, వైఫై కోసం తోడబుట్టినవాణ్ణి వదిలేశావటగా!" అంది పిన్ని.

అందరూ పకపకా నవ్వారు. తమ్ముడు కిటికీ దగ్గర కప్పుతో నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు, కాదనీ అనలేదు. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెబితే వాడు ఈ గదిలో మళ్ళీ తలెత్తలేడు.

"అవును పిన్నీ. నాకసలే ఓపిక తక్కువ," అంది లైనమ్మ.