డెల్బర్ట్ వసారాలో కందిరీగలు

కెంటకీలో పొగాకు పండించినవాళ్లలో డెల్బర్ట్ ప్రూయిట్ అంత పనిమంతుడు లేడని డెల్బర్టే చెబుతాడు. రోజూ కాఫీ కప్పుతో వసారాలో కూర్చుని, ఎదురుగా పొగాకు ఆరబెట్టే, రంగు వేయని పాత చెక్క బ్యారన్ గోడను కందిరీగలు గీకడం చూస్తాడు. అవి ఆ నెరిసిన చెక్క పీచును నమిలి, ఉమ్మితో మెత్తచేసి, ఆయన తల మీది చూరుకు బూడిదరంగు కాగితపు గదులు ఒక్కొక్కటే అతికిస్తాయి. "నా మొహం వాటికి గుర్తు. ఒక్కనాడూ కుట్టలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు.

కిందటి వేసవిలో అవే ఆయన చెల్లెలు వెర్నాను కుట్టాయి. ఆయనకు మిగిలినది ఆ చెల్లెలొక్కతే. గొంతు వాచి, ఆసుపత్రిలో పడి లేచిన మనిషి ఈ ఆదివారం యాపిల్ పై అనే తీపి వంటకం చేసుకొచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఆ గూడు దులిపెయ్ అన్నయ్యా. లేకపోతే నేనిక రాను."

"నువ్వు చేతులూపావు, అవి కుట్టాయి. ఆ బ్యారన్ ఇరవయ్యేళ్లప్పుడు ఒంటిచేత్తో కట్టాను. దాని చెక్కతో కట్టుకున్న గూడు నేనెట్లా దులుపుతాను?"

"కట్టింది నాన్న. నువ్వు నిచ్చెన పట్టుకున్నావు."

పళ్లెం గేటు పక్కనున్న తపాలా పెట్టె మీద పెట్టి ఆమె కారెక్కింది. వెనక్కి పిలుద్దామనే డెల్బర్ట్ లేచాడు, నోరూ తెరిచాడు.

"పైకప్పు మేకులు మాత్రం నేనే కొట్టాను" అన్నాడు. అప్పటికే కారు మలుపు తిరిగింది.