నాలుగో మెట్టు

వాగే దారి అయినచోట దారి తప్పడం కష్టం, జారిపడడం తేలిక. నడక గురించి ఎన్ని పుస్తకాలు తిరగేసినా, నీళ్ళలో రాయి మీద రాయి వెతుక్కుంటూ కొండ చుట్టే నడక గురించి సరిగ్గా రాసినవాడు కనబడడు. ఆ ఏప్రిల్ పొద్దున లారెల్ వాగు మూడో మలుపు దగ్గర ఒర్లీనాకి పడతానన్న బెంగ లేదు. చంకలో, దుప్పట్లో చుట్టిన మూడు తీగల వాద్యం, డల్సిమర్, ఒక్కసారి 'కిర్రు'మంది. ఆ తర్వాత మూలుగులాంటి మోత. అంతే, ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

గట్టెక్కి, చూరులా ముందుకొచ్చిన బండ కింద కూర్చుని దుప్పటి విప్పింది. పాట పలికే తీగని బిగించే బిరడా జారింది. రెండు శ్రుతి తీగలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొండ అవతల చెల్లెలు జిల్ఫా మంచం పట్టి మూడు వారాలైంది. మాటలొద్దు, వచ్చి ఒక పాట వాయించమని కబురు పంపింది. ఒర్లీనా వాయించగలదు. శ్రుతి చేయలేదు. బిరడా ముట్టుకుని యాభై ఏళ్ళు దాటింది.

తొమ్మిదేళ్ళప్పుడు నాన్న డల్సిమర్ తీసుకుని, తీగ ఇంకాస్త పలుకుతుందని ఇంకాస్త బిగించింది. వినడానికి ఆరేళ్ళ జిల్ఫా మొహం దగ్గరగా పెట్టింది. తీగ తెగి దాని కుడికంట్లో కొట్టింది, ఆ కన్ను పోయింది. ఇంట్లో ఎవరూ ఒర్లీనాని ఒక్క దెబ్బ వేయలేదు. వేసి ఉంటే ఆ భయం కాస్త తగ్గేదేమో.

పెళ్ళయ్యాక శ్రుతి పని వైలీది. ముప్పైనాలుగేళ్ళు మొగుడు తిప్పాడు, పెళ్ళాం వాయించింది. మొన్నటి శీతాకాలంలో దుంగ దొర్లి వైలీ పోయాడు. ఆయన బిగించిన శ్రుతి ఆ తీగల మీద అలాగే ఉండిపోయింది, ఇందాకటిదాకా.

అంతలో కంచరగాడిద మీద టపా మోసే హైరం వచ్చాడు. సంగతి విని నవ్వాడు. "రాత్రంతా పొయ్యి పక్కన పెట్టావా పిన్నీ? రొట్టెనుకున్నావా?"

వానచెమ్మకు భయపడి నిజంగానే పెట్టింది. ఎండి సన్నబడిన కర్ర జారకేం చేస్తుంది?

"ఇటివ్వు, రెండు తిప్పులు తిప్పుతా. తెగితే తెగుతుంది, సంచిలో బాంజో తీగ ఉంది."

"చెయ్యి తియ్యి నాయనా. దానికున్నది ఒక్క కన్నే."

"జిల్ఫా పిన్ని ఇక్కడెక్కడుంది?"

ఒర్లీనా డల్సిమర్ ఒళ్ళో పెట్టుకుంది. తీగని వెదురుపుల్లతో మూడో మెట్టు మీద ఆనించి, బాతు ఈకతో మీటింది. వైలీ శ్రుతిలో స్వరాలు అక్కడే మొదలయ్యేవి. ఇప్పుడు శ్రుతి తీగలతో పొసగక వికారంగా పలికింది. బిగించాలి.

అప్పుడు తట్టింది: బిగిస్తే కదా తెగేది. వదిలితే?

మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని, బిరడాని కిందికి తిప్పింది. తీగ మరీ వేలాడిపోయింది. ఇక పైకి తేక తప్పదు. పాత ఎత్తుకి ఇంకా చాలా కిందే ఉందని తనకు తనే చెప్పుకుంటూ, బిరడాని లోపలికి నొక్కుతూ వెంట్రుకవాసి తిప్పింది. మీటింది. మళ్ళీ వెంట్రుకవాసి. పుల్లని ఒక్కో మెట్టూ జరుపుతూ వెతికింది. డల్సిమర్ మెట్లు కదలవు. తీగ ఎత్తు మారితే స్వరాల వరుసే వేరే మెట్టుకి మకాం మారుస్తుంది. నాలుగో మెట్టు దగ్గర శ్రుతి తీగలు 'ఊఁ' అన్నట్టు కలిసిపోయాయి. అక్కణ్ణుంచి పదకొండో మెట్టుదాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. వరుస నిలబడింది, కాని మూడో స్వరం కాస్త వంగి, దిగులుగా ఉంది.

జిల్ఫా అడిగిన పాట వాయించి చూసింది. హైరం టోపీ తీశాడు.

"అది పెళ్ళి పాట కదా పిన్నీ? ఇప్పుడు పాడె మోసేదానిలా ఉంది. మంచమ్మీదున్న మనిషికి అలా వినిపిస్తావా? పోనీ, ఒక్క తిప్పు పైకి..."

ఆ భయం ఆమెకీ ఉంది. కాని బిరడా మళ్ళీ వదులవుతోందని బొటనవేలికి తెలుస్తోంది. హైరం ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఒర్లీనా డల్సిమర్‌కి దుప్పటి చుట్టింది, చెయ్యి లోపలే ఉంచి. బిరడా జారకుండా బొటనవేలు గట్టిగా అదిమిపట్టి, అతని వైపు చూడకుండా వాగులోకి దిగి, జిల్ఫా ఉన్న లోయకేసి నడిచింది.