గది నిశ్శబ్దంగా ఉందని రాసింది నేనే

కరోనా తగ్గిన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ క్లెయిముల కాల్ సెంటర్‌లో నేను హెచ్‌ఆర్. మా దగ్గర రోజూ ఆఫీసుకు వచ్చేవాళ్లున్నారు, వారానికి మూడు రోజులు వచ్చే హైబ్రిడ్ వాళ్లున్నారు, అసలు రానక్కర్లేని రిమోట్ వాళ్లున్నారు. నేను హైబ్రిడ్. మిగతా రోజులు కోరుట్లలో మా అత్తగారింటి నుంచి పని చేస్తాను. అందుకని జగిత్యాల, సిరిసిల్ల వైపు రిమోట్ అడిగినవాళ్ల వర్క్‌స్టేషన్ చెక్ నా నెత్తిన పడింది. అంటే ఇంటికి వెళ్లి, గదికి తలుపుందా, నెట్ ఆగకుండా వస్తుందా, చప్పుడుందా అని చూసి ఫారం నింపడం.

సిరిసిల్లలో రిమోట్ అడిగిన స్వప్న ఇంటికి వెళ్లిన రోజు గోడ గడియారం చప్పుడు కూడా వినిపించింది. ఐదు నెలల పాప నిద్రపోతోంది. 'నాయిస్ లేదు' అని టిక్కు పెట్టి, టీ తాగి వచ్చేశాను.

మూడు వారాలకు మేనేజర్ పిలిచి ఆమె కాల్ రికార్డింగు వినిపించారు. ఆమె గొంతు వెనక టకటకమని ఆగని మోత. కస్టమర్ విసుక్కుంటున్నాడు.

"సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మనండి, లేదంటే రాజీనామా తీసుకోండి. ఇంతకీ ఆ ఇల్లు చూసిందెవరు?" అన్నారాయన.

ఫారం కింద సంతకం నాదే. చూడకుండా రాశానని ఆయన అనుకుంటే నా ఉద్యోగమూ పోతుంది. స్వప్న మీద ఒళ్లు మండింది కూడా.

మర్నాడు స్వప్నకు చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. సందులోకి తిరగగానే సాంచాల మోత. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. తలుపు తీసిన స్వప్న నన్ను చూసి తెల్లబోయింది.

"మొన్న నేనచ్చినప్పుడు గీ చప్పుడు లేకుండె గదా?"

"మీరు అస్తున్నరని మా ఆయన ఇంటింటికి పోయి చెప్పిండు మేడం. గల్లీలోళ్లందరు ఒక్క గంట సాంచాలు బంద్ పెట్టిండ్రు." పాపను ఇంకో భుజానికి మార్చుకుంది. "దీన్ని ఇడిశిపెట్టి పట్నం ఎట్ల రావాలె? నౌకరి తీసేస్తరా?"

"ముందే చెప్పొద్దా?"

"చెప్తె రిమోట్ ఇయ్యరని భయమైంది. మాకైతె చప్పుడు ఆగితెనే బుగులు మేడం. ఆగిందంటె గల్లీకి పని లేనట్టు."

వస్తున్నానని రెండు రోజుల ముందు ఫోన్ చేసింది నేనే మరి.

బస్టాండు నుంచే మేనేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదని, ఆమెను ఫోన్ల నుంచి తీసి చాట్‌లో వేయమని అడిగాను. చాట్ అంటే కస్టమర్లకు టైపు చేసి జవాబివ్వడం. ఎంత మోత ఉన్నా వాళ్లకు వినపడదు. "సాయంత్రం చెప్తా" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

స్వప్న చాట్‌కు మారింది. నా హైబ్రిడ్ ఆరు నెలలు రద్దయింది. కోరుట్ల నుంచి సామాను సర్దుకుంటూ ఏడ్చాను.

ఇప్పుడు ఎవరింటికి చెక్‌కు వెళ్లినా, ఫారం తీయకముందే ఒకటి అడుగుతాను. "నేనస్తున్నని ఏం బంద్ పెట్టిండ్రు?"