విత్తనాల కుప్ప దగ్గర చెప్పించిన ఎక్కాలు

పద్నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకుందామని కూర్చున్నప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చి లేచిపోతాను. ఇప్పుడు కూడా ఈ రెండు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చాను. దాహమేమీ లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మొహం తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను బడిపంతులును. డెబ్బైల్లో బెళుగుప్ప దగ్గర మా సొంత పల్లెలోనే అయ్యవారిగా ఉండేవాణ్ణి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు నేర్చుకున్నదంతా మరిచిపోతున్నారని, ఆ ఏడు మా ఇంటి వసారాలో పొద్దునపూట బడి పెడతానని ఊళ్ళో చెప్పాను. జీతం లేకుండా సెలవుల్లో చదువు చెప్పే అయ్యవారు ఎక్కడుంటాడని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టానా? మొదటి మూడు రోజులు, అవును. ఆ మూడు రోజుల్ని పట్టుకుని ఎన్నేళ్ళు నన్ను నేను వెనకేసుకొచ్చానో!

నాలుగో రోజు విత్తనం కాయల మూటలు విప్పాను.

మా వైపు తొలకరికి ముందే శెనక్కాయలు చేత్తో ఒలిచి విత్తనం సిద్ధం చేసుకోవాలి. గింజ పగిలితే మొలవదు. వరుసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది, మిగిలిన విత్తనం మాకు ప్రాణంతో సమానం. ఒలిచేవాళ్ళు ఒకటి గంపలో వేసి ఒకటి నోట్లో వేసుకుంటారు. ఆకలి అలాంటిది. అందుకని మా పెద్దవాళ్ళు ఒలుపుకొచ్చిన ఆడవాళ్ళ చేత పాటలు పాడించేవాళ్ళు. పాడే నోరు నమలలేదు కదా. నేను పంతులును. ఎక్కాలు చెప్పించాను.

అర్థమైందా మీకు? చేతుల్లో కాయలు, నోట్లో ఎక్కాలు. పిల్లలంతా గొంతెత్తి పదిహేనో ఎక్కం చెబుతుంటే దారినపోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. ఎవరి గొంతు ఆగితే వాళ్ళ దవడ వైపు చూసేవాణ్ణి నేను. కాసేపు ఒలిస్తే ఏం పోయింది, ఎక్కాలూ వస్తున్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. కాసేపు కాస్తా పూటంతా అయింది. పలకలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉండేవి.

ఆ పిల్లల్లో అంజినమ్మ ఒకతి. పదేళ్ళది, గొర్రెలు కాసే ఓబులేసు కూతురు. బడికి ఆలస్యంగా వచ్చింది గనుక అక్షరాలు వచ్చుగానీ, కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతోంది. అనంతపురంలో హాస్టలున్న బడి ఒకదానికి జూన్‌లో ప్రవేశపరీక్ష ఉందనీ, రెండు నెలలు దగ్గర కూర్చోబెట్టి చదివిస్తే ఈ పిల్ల గట్టెక్కుతుందనీ ఓబులేసుకు చెప్పింది నేనే. ఆయన నమ్మాడు. వేరే ఇళ్ళకు ఒలుపుకు పంపితే కూలైనా దొరికేది. అది మానిపించి నా దగ్గరికి పంపాడు. నేనూ ఒలుపుకే కూర్చోబెట్టాను, కూలి లేకుండా. అందరికంటే ఎక్కువసేపు కూడా. ఆ పిల్ల వేళ్ళు చురుకు, ఒక్క గింజ పగలనిచ్చేది కాదు.

సాయంత్రాలు విడిగా చదివిద్దామనుకునేవాణ్ణి. ఒకసారి కూర్చోబెట్టాను కూడా. కాయలు నొక్కీ నొక్కీ బొటనవేలు గోరు కింద వాచి, బలపం పట్టుకోలేకపోయింది. రేపు చూద్దాంలే అన్నాను. ఆ రేపు రాలేదు. రాలేదని ఎందుకు రాస్తున్నాను? నేనే రానివ్వలేదు. ఇంకా నాలుగు మూటలు మిగిలి ఉన్నాయి.

పరీక్షకు నేనే తీసుకుపోయాను. బస్సులో దారంతా ఇరవయ్యో ఎక్కం దాకా తప్పులేకుండా చెప్పింది. లోపల ప్రశ్నపత్రం చదవలేక తెల్లకాగితం ఇచ్చి బయటికొచ్చింది. ఎక్కాలు ఎవరూ అడగలేదని నాతో చెప్పి ఏడ్చింది.

మరుసటి రోజు ఓబులేసు మా ఇంటికొచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, ఒక్క మాట చెప్పు. నా బిడ్డకు సదువు వస్తాదా, రాదా? వస్తాదంటే ఇంగో ఏడు ఎట్లన్నా పంపిస్తా."

"రాదప్పా. నేను శానా చూసినా. దాని తలకెక్కదు."

"ఎక్కాలన్నీ చెప్తాండాది కదా సామీ?"

"అవి చిలకపలుకులప్పా. సదువు వేరే."

"అట్లనా." తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "నువ్వే చెప్తాండావంటే నిజమే ఉంటాదిలే. గొర్రెలెనక పంపిస్తా."

ఎందుకన్నాను ఆ మాట? ఇంకో ఏడు పంపిస్తానని మనిషి తానే అంటున్నాడే! తప్పు నాదని ఒప్పుకోనక్కరలేదు, వస్తుందప్పా అని ఒక్క మాటంటే చాలు. కానీ ఆ పిల్ల మళ్ళీ వస్తే, మళ్ళీ చదివితే, పోయిన ఎండాకాలం ఎందుకు చదవలేకపోయిందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అడిగేవాళ్ళకు భయపడి ఒక పిల్ల చదువును ముగించేశాను. సిగ్గుగా ఉంది. అప్పుడు సిగ్గనిపించలేదు, అది ఇంకా సిగ్గు.

ఆ ఏడు వాన పడింది. విత్తనం ఒక్కటి పోకుండా మొలిచింది.

తర్వాత విడపనకల్లు వైపు బదిలీ అయింది. పోయిన జూన్‌లో బడి తెరిచేముందు ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకుంటుంటే, ఒక గుమ్మంలో అంజినమ్మ కనిపించింది. నేను పోల్చుకోలేదు, తనే గుర్తుపట్టింది. ఆ ఊరికే ఇచ్చారట. మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. ఆరేళ్ళ కూతురు కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. పాప పేరు రాసుకుంటానన్నాను.

"వద్దులే సామీ. మాకు సదువు ఎక్కదని మీరే కదా మా నాయనకు చెప్పినారు. ఇదీ నా మాదిరే. ఊరికే ఆశ పెట్టేదెందుకు?"

కోపంగా అని ఉంటే బాగుండేది. నామీద నమ్మకంతో అంది. అప్పుడైనా చెప్పాల్సింది. మజ్జిగ తాగేసి పక్కింటికి పోయాను.

బడి తెరిచి నాలుగు నెలలైంది. ఆ పాప రాలేదు. రెండుసార్లు ఆ వీధి మొదటిదాకా పోయి తిరిగొచ్చాను. రేపు పోతానా? పోతానని రాస్తే అది మరో అబద్ధమవుతుందేమోనని భయం. మీతో చెప్పినంత మాత్రాన చేసింది చెరిగిపోదు, క్షమించడానికి మీరు ఆ ఇంటి మనుషులూ కాదు. ఒక్క మాట రాయడానికే ఇంత చుట్టు తిరిగాను. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

అంజినమ్మకు చదువు వచ్చేది. నేను చెప్పలేదు.