అంబదాస్ డాక్టరుగారి దారం

అంబదాస్ డాక్టరుగారికి నోటితో జవాబు చెప్పడం చేతకాదు. ఏం అడిగినా గోడకున్న చెక్క పలక దించి, "దారం గుంజు" అంటారు.

పంతొమ్మిది వందల అరవై ప్రాంతంలో, మంచిర్యాలలో నేను ఆయన దగ్గర కాంపౌండరును. గర్భిణుల పలక మీద మూడు నిలువు గీతలుండేవి. ఎడమ గీత కాళ్ల వాపుది, కుడి గీత రక్తపోటుది. రోగి కొలతలు ఆ రెంటి మీదా ఎక్కడున్నాయో చూసి, అక్కడ ఆనించి దారం బిగించి పడితే మధ్య గీతను ఎక్కడో తాకుతుంది. అక్కడ పచ్చరంగుంటే ఇంటికి, పసుపైతే వారం తర్వాత మళ్లీ రావాలి, ఎరుపైతే వెంటనే కరీంనగర్ పెద్ద దవాఖానకు. చదువు రానివాళ్లకూ రంగులు తెలుసు కదా అని ఆయన ధీమా.

రైలు ఆలస్యానికో పలక, వానకో పలక కూడా ఉండేవి. చూసి చూసి భార్య నర్మదమ్మగారు తనూ ఒకటి గీశారు. ఒక గీత మీద ఆయన నడుం కొలత, ఇంకో గీత మీద ఆయన తినే నెయ్యి.

"మీరే గుంజుండ్రి," అన్నారామె.

ఎరుపు! ఆ పూట డాక్టరుగారు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.

చిక్కల్లా జనంతోనే వచ్చేది. దారం తాయెత్తనుకుని చేతికి కట్టుకుపోయేవారు. వాళ్లలో మొండయ్య ఒకడు.

"అరే మొండయ్యా, గది మంత్రం గాదు, లెక్క!" అని ఆయన వీధి దాకా వెంటపడేవారు.

"మంచిదే సాబ్, లెక్కనే కట్టుకుంట!" అంటూ మొండయ్య పరుగు. నేనేమో కొత్త దారం కోసం బజారుకు.

ఒక పొద్దున నస్పూర్ నుంచి బాలవ్వ, నెలలు నిండుతున్న కోడలు యాదవ్వను బండిలో తీసుకొచ్చింది. పిల్లకు కాళ్లు ఉబ్బాయి, తల పగిలిపోతోంది. డాక్టరుగారు రక్తపోటు చూసి, దారం ఎక్కడ ఆనించాలో చూపించి, కొసలు బాలవ్వ చేతికే ఇచ్చారు. దారం ఎరుపు మీద పడింది.

"నేను పంప సాబ్! నా బిడ్డ గట్లనే దవాఖానకు పోయింది, మల్ల రాలే."

"ఎప్పుడు తీస్కపోయిండ్రవ్వా?"

"మూర్ఛ వచ్చినంక."

"గందుకే ముందుగాలనే చెప్పే పలక చేసిన. ఇయ్యాల ఇంకా మూర్ఛ రాలే గదా!"

బాలవ్వ దారం కొస వదల్లేదు. డాక్టరుగారు మెల్లగా దారం తీసుకుని, స్వయంగా యాదవ్వ చేతికి కట్టారు.

"గిది అక్కడి డాక్టరమ్మనే ఇప్పాలె. దారిల ఊడొద్దు, జర పైలం."

బండి కరీంనగర్ దారి పట్టింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"మంత్రం గాదంటిరి గద సాబ్?"

"గాదు. భయానికి గీత గీసిన గని, ధైర్యానికి గీసుడు నాకు రాలేదయ్యా," అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఆయన్ని అంతగా ఇష్టపడింది ఆ రోజే.

కొన్నాళ్లకు తల్లీపిల్లాడూ బాలవ్వ వెంట క్షేమంగా వచ్చారు. బాలవ్వ కొంగుముడి విప్పి, "మీ దారం సాబ్, ఇంకోలకు పనికొస్తది," అంది. దారం వాపసు తెచ్చిన మొదటి మనిషి ఆవిడే! డాక్టరుగారు మురిసిపోయి అందుకోబోయారు. ఈలోగా పిల్లవాడు దాన్ని గుప్పిట్లో పట్టేశాడు. ఎంత బుజ్జగించినా వదలడు.

"ఉండనియ్యి," అని డాక్టరుగారు నావైపు తిరిగారు. "నువ్వు బజారుకు పో."